పార్టు మార్చడమా, లోపం పట్టడమా?

బండి ఆగిపోతే ఏం చేయాలన్న విషయంలో మెకానిక్కుల్లో రెండు పక్షాలున్నాయి. అనుమానం వచ్చిన పార్టు తీసి, మంచిది పెట్టి చూడమంటుంది ఒక పక్షం. కొలిచి, లోపం ఎక్కడుందో తేల్చుకున్నాకే పానా పట్టమంటుంది రెండోది. సింగిల్ సిలిండర్ బండి దగ్గర ఈ తగువు మరీ ముదురుతుంది. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి మొరాయించినా మిగతా మూడు ఎలాగో ఇంటిదాకా లాక్కొస్తాయి. ఇక్కడ ఉన్నదే ఒక సిలిండరు, ఒక కార్బురేటరు. చాలా బండ్లలో ప్లగ్గూ ఒకటే. వాటిలో ఏది చెడినా ప్రయాణం అక్కడితో సరి.

ఆ రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే ప్రయత్నం ఇది. ఒకరు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మేస్త్రి. ఇంకొకరు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చెప్పే మాస్టారు. ఇద్దరి మధ్యా స్టాండు వేసి ఉన్నది పాయింట్ల కాలం నాటి బుల్లెట్ 350. పొద్దున్నే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. గుంటూరు దారిలో మంగళగిరి దాటేసరికి మిస్సింగ్ మొదలై, సైలెన్సర్లో రెండు సార్లు పేలి ఆగిపోతుంది. అరగంట నీడన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

మాస్టారు: ఈ బండికి ఇప్పటిదాకా ఏమేం మార్చారు మేస్త్రీ?

మేస్త్రి: నా దగ్గరికి రాకముందే ప్లగ్గు మార్చారు, కాయిలు మార్చారు, కార్బురేటరుకు కొత్త కిట్టు వేశారు. బ్యాటరీ కూడా కొత్తదే. అన్నీ అయ్యాక ఇక్కడికి తోలుకొచ్చారు.

మాస్టారు: ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా బాగైపోయిందనే అనుకుని ఉంటారు. కాయిలు విప్పి కొత్తది బిగించడానికి అరగంట పట్టిందనుకోండి, ఆ అరగంటలో ఇంజను చల్లారింది. చల్లారితే ఈ బండి ఎలాగూ స్టార్టవుతుంది. ఆ పేరు మాత్రం కొత్త కాయిలుకు దక్కింది. డబ్బు ఓనరు జేబులోంచి పోయింది.

మేస్త్రి: అది నిజమే. అంతమాత్రాన పార్టు మార్చి చూడడమే తప్పంటే ఒప్పుకోను మాస్టారూ. నా షెడ్డులో ఒక కాయిలు, ఒక సీడీఐ, ఒక రెక్టిఫైయరు గోడకు వేలాడుతుంటాయి. అవి అమ్మకానికి కాదు. మంచివని తేలినవి కాబట్టి పరీక్షకు ఉంచుకున్నాను. అనుమానం వచ్చినచోట వాటిని తగిలిస్తాను. బండి పలికితే కొత్తది వేస్తాను, లేకపోతే నాది నేను తీసేసుకుంటాను. మీ మీటరు కంటే తొందరగా తేలుతుంది.

మాస్టారు: దేన్ని అనుమానించాలో ముందు ఎలా తెలుస్తుంది?

మేస్త్రి: కాలు చెబుతుంది. కిక్కు నెమ్మదిగా కిందికి నొక్కి చూస్తాను. ఒకచోట గట్టిగా అడ్డం పడాలి, నా బరువు మోపినా కాసేపు నిలవాలి. మెత్తగా జారిపోతే కంప్రెషన్ లేదు. అప్పుడు ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ తొక్కుతాను. బిగువు పెరిగితే రింగులూ బోరూ అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. ట్యాపెట్లు చూడాలి. ఈ పాత బుల్లెట్‌కి ఫీలర్ గేజ్ కూడా అక్కర్లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైకొచ్చిన చోట పుష్‌రాడ్డును రెండు వేళ్ళతో తిప్పుతాను. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. దీని సెట్టింగు అంతే.

మాస్టారు: అక్కడ మీతో నాకు పేచీ లేదు. ఇంజనులో ఒత్తిడి లేనప్పుడు వైర్లు వెతకడం దండగ. కరెంటు సంగతి చెప్పండి.

మేస్త్రి: దానికీ ఏమీ విప్పను. హెడ్‌లైటు పైనున్న అమ్మీటర్ చూస్తాను. తాళం తిప్పి, కిక్కును కొంచెం కొంచెంగా నొక్కుతూ పోతే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు ఎడమవైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకొస్తుంది. అలా ఆడిందంటే బ్యాటరీ, ఫ్యూజు, తాళం, కాయిలు లోపలి మొదటి చుట్టు, పాయింట్లు అన్నీ ఒక్క దెబ్బకు లెక్క చెప్పినట్టే. అసలు వాలకపోతే ఎక్కడో తెగింది, లేదా పాయింట్లకు మసి పట్టింది. వాలినది తిరిగి రాకపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సరు షార్టయింది.

మాస్టారు: మీటరు వద్దంటూనే మీటరుతోనే తేల్చారు! కంపెనీవాళ్ళు ముందే హెడ్‌లైటు మీద బిగించి ఇచ్చిన మీటరది. మీరు చేసింది కొలతే. ఏ ముక్కలో కరెంటు నడుస్తోంది, ఏ ముక్కలో నడవడం లేదు అని విభజించారు. నేను అడిగేదీ అదే. అయితే ఆ ముల్లు చూపించనిది ఒకటుంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన ఓల్టేజీలో ఎంత దారిలో కారిపోతోందో అది చెప్పదు.

మేస్త్రి: కారిపోవడమేమిటి?

మాస్టారు: రోజూ చూసే కేసే చెబుతాను. కమ్యూటర్ బండి. సెల్ఫ్ నొక్కితే టక్కుమంటుంది, మోటారు తిరగదు. హారను బానే మోగుతుంది. వెంటనే బ్యాటరీ పోయిందంటారు. నేను మీటరు ఒక ప్రోబు బ్యాటరీ నెగెటివ్ బుడిపె మీద, రెండోది ఇంజను బాడీ మీద ఆనించి సెల్ఫ్ నొక్కమంటాను. అర ఓల్టుకు మించితే ఆ ఎర్త్ దారి మీద అనుమానపడాలి. రెండు ఓల్టులు చూపిస్తే మోటారుకు చేరవలసినది ఎర్త్ వైరు దగ్గరే ఖర్చవుతోందని తేలిపోతుంది. బోల్టు విప్పి చూస్తే కింద రంగు, దాని మీద తెల్లటి తుప్పు ఉంటాయి. ఎమెరీ పేపరుతో రుద్ది బిగిస్తే అయిపోతుంది. కొత్త బ్యాటరీ డబ్బు మిగిలినట్టే. ఇక్కడ ఇంకో సంగతి. అదే వైరును ఓమ్స్‌లో పెట్టి చూస్తే బాగుందనే చూపిస్తుంది. వైరులో ఒక్క పోగు అంటుకుని ఉన్నా మీటరు పంపే సన్నటి కరెంటుకు అది చాలు. సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. అందుకే లోడు మీద ఉన్నప్పుడే కొలవాలంటాను.

మేస్త్రి: ఆ పని నేను మీటరు లేకుండా చేస్తాను. లావుపాటి వైరు ఒకటి తీసుకుని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజనుకు ఆనిస్తాను. మోటారు తిరిగిందా, ఎర్త్ దోషం. తిరగలేదా, దోషం ఇంకోచోట.

మాస్టారు: బాగుంది. ఆ వైరు తీసేస్తే?

మేస్త్రి: మళ్ళీ టక్కుమని ఊరుకుంటుంది.

మాస్టారు: ఆ పరీక్షలో నాకు నచ్చేది అదే! వైరు పెడితే నడిచింది, తీస్తే ఆగింది, మళ్ళీ పెడితే నడిచింది. ఇక అనుమానానికి చోటు లేదు. ఇప్పుడు మీ గోడ మీది సీడీఐ సంగతి చూద్దాం. పాత సీడీఐ కప్లరు ఊడదీసి మీది పెట్టారు, బండి స్టార్టయింది. సీడీఐ పోయిందన్నారు. కప్లరు ఊడదీసి మళ్ళీ నొక్కినప్పుడు పిన్నుల మీది తుప్పు గీసుకుపోయి ఉండొచ్చు కదా? దోషం ఆ పిన్నుదైతే పాత సీడీఐ నిక్షేపంగా ఉన్నట్టే. రెండు పనులు ఒకేసారి చేసి, ఫలితాన్ని ఒకదాని ఖాతాలో వేశారు.

మేస్త్రి: మరేం చేయమంటారు?

మాస్టారు: పాతది మళ్ళీ పెట్టి చూడమంటాను. పాతది పెట్టగానే జబ్బు తిరిగొస్తే ఆ పార్టు పోయినట్టే, నేనూ సంతకం పెడతాను. తిరిగి రాకపోతే ఆ పార్టు నిర్దోషి. బండి నడిచినంత మాత్రాన లోపం దొరికినట్టు కాదు. దాన్ని కోరినప్పుడు రప్పించి, కోరినప్పుడు పోగొట్టగలిగితేనే దొరికినట్టు. మీ మీద నా ఫిర్యాదు పార్టు మార్చినందుకు కాదు మేస్త్రీ, సగంలో ఆపేసినందుకు.

మేస్త్రి: ఇప్పుడు నా మాటా వినండి. మీ మీటరు చూపించలేనివి చాలా ఉన్నాయి. కాయిలు తీసి బల్ల మీద పెట్టి ఓమ్స్ చూస్తారు. మొదటి చుట్టు మూడో నాలుగో ఓములు, రెండో చుట్టు వేలల్లో. అంతా సవ్యంగానే ఉందంటారు. అదే కాయిలు ట్యాంకు కింద వేడెక్కి, వేల ఓల్టులు పుట్టించాల్సి వచ్చినప్పుడు లోపలి ఇన్సులేషన్ చీలి కరెంటు పక్కకు దూకేస్తుంది. చిన్న బ్యాటరీతో నడిచే మీటరుకు ఆ చీలిక ఎలా కనబడుతుంది?

మాస్టారు: కనబడదు. రీడింగు తేడాగా ఉంటే కాయిలు పోయిందని చెప్పొచ్చు. రీడింగు బాగుంటే కాయిలు బాగుందని చెప్పలేం. ఈ రెండో ముక్క మా పిల్లలు కూడా మరిచిపోతుంటారు.

మేస్త్రి: ప్లగ్గు విప్పి హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టి, నిప్పు పడిందని సంతోషపడేవాళ్ళదీ అదే తప్పు. బయటి గాలిలో దూకిన నిప్పు లోపలి ఒత్తిడిలో దూకాలని ఏముంది? ఆరేడు మిల్లీమీటర్ల సందు దాటి, నీలంగా, చప్పుడు చేస్తూ దూకితేనే నేను లెక్కలోకి తీసుకుంటాను. అదీ ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టి. అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది.

మాస్టారు: కొత్త ఎలక్ట్రానిక్ బండ్లలో ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ప్లగ్గు క్యాపును ఎర్త్ తగలకుండా గాలిలో వదిలి కిక్కు కొడితే, దూకడానికి దారి లేని ఆ ఓల్టేజీ కాయిలునో సీడీఐనో తినేయొచ్చు. పరీక్ష పేరుతో కొత్త లోపం తెచ్చినట్టవుతుంది.

మేస్త్రి: కొత్త బండ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక దాదాపు అన్ని బండ్లలోనూ కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. మీటర్ బోర్డులో ఇంజను బొమ్మ వెలుగుతుంది, స్కానరు తగిలిస్తే కోడు వస్తుంది. మీ కొలత పక్షం అక్కడ పూర్తిగా గెలిచినట్టేనా?

మాస్టారు: గెలవలేదు. పార్టు మార్చే అలవాటే స్కానరు పట్టుకుని తిరిగొచ్చింది. ఆక్సిజన్ సెన్సరు కోడు వస్తే సెన్సరు మార్చేస్తారు. మిశ్రమం పలచగా ఉందని ఆ సెన్సరు నిజమే చెప్పి ఉండొచ్చు. థ్రాటిల్ బాడీకీ హెడ్డుకీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతుంటే అది ఇంకేం చెబుతుంది? కోడు వెతకవలసిన సర్క్యూటును చూపిస్తుంది. ఆ దారిలో సెన్సరుంది, వైరుంది, కప్లరుంది, ఎర్త్ ఉంది. వాటిలో ఏదన్నది మనిషే తేల్చాలి.

మేస్త్రి: సైడ్ స్టాండు స్విచ్చి కూడా చేర్చండి. బురద పట్టి ఆ స్విచ్చి అంటుకోకపోతే గేరులో వేయగానే ఇంజను ఆగిపోతుంది. పంపు పోయిందని ట్రాలీ మీద ఎక్కించుకొచ్చినవాళ్ళున్నారు.

మాస్టారు: ముందు తేలికైనవి, పైసా ఖర్చు లేనివి చూడాలనడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. కిల్ స్విచ్చి, స్టాండు స్విచ్చి, ఫ్యూజు, బ్యాటరీ బోల్టులు, తర్వాతే మిగతావి.

మేస్త్రి: మీరు చెప్పేదంతా పాఠంగా బానే ఉంది. నా గుమ్మంలో నిలబడి చూడండి. భోజనం పొట్లాలు ఇంటింటికీ చేరవేసే కుర్రాడు వస్తాడు. బండి ఆగిన ప్రతి గంటా వాడికి కూలి నష్టం. సీడీఐ మార్చగానే బండి అందుకుంది. అప్పుడు నేను, "ఉండు బాబూ, పాతది మళ్ళీ పెట్టి, బండి మళ్ళీ ఆగుతుందేమో చూస్తాను" అంటే వాడు నా మొహం చూడకుండా పోతాడు. ఇంకా అసలు మాట చెబుతాను. కొత్త కాయిలు చేతికిచ్చి డబ్బు అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు. రెండు గంటలు వెతికి ఎర్త్ బోల్టు రుద్ది బిగించానంటే, "బోల్టు బిగించినదానికి ఇంతా?" అంటారు. పార్టుకు విలువ కడతారు, వెతుకులాటకు కట్టరు. ఆ రెండు గంటల కూలి నాకెవరిస్తారు?

మాస్టారు: మీరన్నదే ఈ జబ్బుకు వేరు. మా పాఠాల్లో ఓల్టేజీ ఉంది గానీ ఈ లెక్క లేదు. వెతుకులాటకు కూలి లేనంతకాలం అవసరంలేని పార్టులు అమ్ముడవుతూనే ఉంటాయి. దానికి మెకానిక్కును ఒక్కడినే తప్పుపట్టలేం. అలాగని ఆ నష్టాన్ని ఓనరు నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఈ బుల్లెట్ ఓనరు నాలుగు పార్టులకు డబ్బు పెట్టి నాలుగుసార్లూ దారిలో ఆగిపోయాడు. వెతికిన కూలి కంటే అది ఎక్కువే అయి ఉంటుంది. బిల్లులో వెతికిన కూలి అని విడిగా ఒక గీత వేసి రాయండి. ముందే చెప్పండి. ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.

మేస్త్రి: కొందరుంటారు. సరే, ఈ బండి ఓనరు రేపటిదాకా వదిలి వెళ్ళాడు. తొందర లేదు. మీ పద్ధతిలోనే చూద్దాం. వేడెక్కితేనే ఆగే బండి, ఎక్కడ మొదలుపెడతారు?

మాస్టారు: ఆగిన నిమిషంలోనే మొదలుపెట్టాలి. చల్లారిందంటే సాక్ష్యం పోతుంది. పెట్రోలు ట్యాంకు మూత తెరిస్తే లోపలికి గాలి బుస్సుమని లాగిందా? అలాగైతే మూతలోని గాలి కన్నం పూడుకుపోయింది, పెట్రోలు దిగడం లేదు. ఫ్లోటు గిన్నె కింద స్క్రూ వదిలితే పెట్రోలు ధారగా పడిందా? కిక్కులో బిగువు చల్లగా ఉన్నప్పటిలాగే ఉందా? బిగువు తగ్గితే ఎగ్జాస్టు ట్యాపెట్టు బిర్రుగా ఉండి, వేడికి వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. మూడూ బాగుంటేనే కరెంటు దారి పట్టాలి.

మేస్త్రి: ఆ మూడూ నేను చూశాను. మూత తీసినా తేడా లేదు, పెట్రోలు పుష్కలంగా పడుతోంది, కిక్కు బిగువుగానే ఉంది. అమ్మీటర్ ముల్లు కూడా ఆడుతోంది. ప్లగ్గు నిప్పు మాత్రం పసుపుపచ్చగా, పలచగా ఉంది.

మాస్టారు: అయితే అనుమానితులు ఇద్దరే, కాయిలు, కండెన్సరు. ఇంజనును వేడెక్కించవద్దు. నిలబెట్టి నడిపితే గాలి తగలక పాడవుతుంది. చల్లటి ఇంజను నడుస్తుండగా హెయిర్ డ్రయ్యరుతో అనుమానమున్న పార్టును ఒక్కొక్కటే వేడిచేద్దాం. మొదట కాయిలు.

మేస్త్రి: కాయిలు ముట్టుకుంటే కాలేంత వేడెక్కింది. ఇంజను చెక్కుచెదరలేదు. ఇక డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలికి గాలి పెడుతున్నాను. అదిగో, మిస్సింగ్ మొదలైంది! ఇటు వంగి చూడండి, చేత్తో నీడ పట్టండి. పాయింట్ల మధ్య తెల్లగా, లావుగా మెరుస్తోంది. సవ్యంగా ఉంటే అక్కడ సన్నటి నీలం చుక్క తప్ప ఏమీ కనబడకూడదు.

మాస్టారు: పాయింట్లు తెరుచుకునే క్షణంలో ఎగదన్నే కరెంటును కండెన్సరు తనలోకి తీసుకోవాలి. తీసుకోకపోతే ఆ శక్తి పాయింట్ల మీదే మండిపోతుంది, ప్లగ్గుకు పలచటి నిప్పు మిగులుతుంది. ఇంజను వేడికి ఆనుకుని ఉన్న కండెన్సరు ఏళ్ళ తరబడి ఉడికీ ఉడికీ ఇలా అవుతుంది. చల్లారితే మళ్ళీ కాస్త తేరుకుంటుంది.

మేస్త్రి: ఇప్పుడు నా పద్ధతి. దీని వైరు విడదీసి, మంచి కండెన్సరును బయటినుంచి క్లిప్పులతో తగిలిస్తున్నాను. పాయింట్ల దగ్గర మెరుపు పోయింది, శబ్దం నిలకడ మీదికొచ్చింది. ఇక్కడితో బిల్లు రాసేసేవాణ్ణి. మీ కోసం పాతది మళ్ళీ కలుపుతాను, గాలి పెట్టండి. వచ్చింది మిస్సింగ్! కొత్తది కలిపాను, పోయింది.

మాస్టారు: ఇప్పుడు ఇద్దరం ఒకే కాగితం మీద సంతకం పెట్టొచ్చు. మార్చడం మీది, తిరగేయడం నాది.

మేస్త్రి: పని ఇంకా అయిపోలేదు మాస్టారూ. ఇన్నాళ్ళు ఆ మంటకు పాయింట్లలో ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె లేచాయి. ఇవి మార్చి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య సందు పెడతాను. సందు మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి అదీ సరిచూస్తాను. కొత్త కండెన్సరును లోపల పెట్టను. ట్యాంకు కింద కాయిలు పక్కన, వేడికి దూరంగా బిగిస్తాను. కరెంటు దారి ఎటూ అదే.

మాస్టారు: పోయిన పార్టు పోయినచోటే మళ్ళీ పెట్టకుండా, ఎందుకు పోయిందో చూసి చోటు మార్చారు. అది నా పుస్తకంలో లేదు, రాసుకుంటాను. సరే, రేపు ఆ భోజనం పొట్లాల కుర్రాడు వస్తే ఏం చేస్తారు?

మేస్త్రి: వాడికి ముందు బండి నడిపించి పంపుతాను. అందులో నా మాట మారదు. ఊడదీసిన పార్టును మాత్రం చెత్తలో పారేయను. బండి నంబరు, జబ్బు ఏమిటన్నది చీటీ రాసి కట్టి ఉంచుతాను. తీరిక దొరికినప్పుడు షెడ్డు బండికి పెట్టి, వేడి చేసి చూస్తాను. బానే పనిచేస్తే వాణ్ణి పిలిచి పార్టు తిరిగిచ్చి, కప్లరు పిన్నులు శుభ్రం చేసి పంపుతాను.

మాస్టారు: దానికి ఒప్పుకుంటున్నాను, ఒక్క షరతు మీద. అలా చూసేదాకా బిల్లులో "పోయిన సీడీఐ" అని రాయకండి. "అనుమానించి మార్చిన సీడీఐ" అని రాయండి. ఓనరు డబ్బు దేనికి ఇచ్చాడో వాడికి తెలియాలి. మీకు ఎంత తెలుసో మీ పుస్తకానికీ తెలియాలి.